కొత్త లైటు, పాత వైరు

మీలో కొందరు ఈ ప్రసంగాన్ని కారులోనో, టమోటా పికప్‌లోనో కూర్చుని వింటూ ఉండవచ్చు. బండి ఆపి ఉంటే ఒక్క పని చేయండి. హెడ్‌లైటు స్విచ్చి వేయండి. నా గొంతు వెనక బర్రుమని చప్పుడు మొదలైందా? లైటు ఆర్పగానే ఆగిపోయిందా? అయితే మీ బండికి ఈమధ్యే ఎల్‌ఇడి బల్బులు పెట్టించి ఉంటారు. ఆ బరబర స్టేషనుది కాదు, మీ లైటుది. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు అసలు విషయానికి వద్దాం.

మన కోలారు జిల్లాలో బండికి లైటు మార్పించుకోవాలన్న కోరిక ఊరికే పుట్టింది కాదు. హైవే మీద సరే. బేతమంగళం దాటి వి.కోట వైపు వెళ్లేటప్పుడు, శ్రీనివాసపురం నుంచి రాయల్పాడు మీదుగా మదనపల్లెకు వెళ్లేటప్పుడు, ముళబాగిలు పక్క పల్లెల్లోకి తిరిగేటప్పుడు వీధి దీపం అన్నది ఉండదు. వెనక ఎర్ర దీపం లేని ట్రాక్టరు ట్రైలరు ఎదురుగా ఎప్పుడు ప్రత్యక్షమవుతుందో తెలియదు. మామిడి కాలంలోనూ టమోటా కాలంలోనూ మార్కెట్టుకు సరుకు చేరేది ఎక్కువగా రాత్రిళ్లే, తెల్లవారుజామునే. కంపెనీ ఇచ్చిన బల్బు చాలలేదంటే నేను తప్పు పట్టను. బెంగళూరు జె.సి. రోడ్డుకు వెళ్లి ఒక సెట్టు కొనుక్కొచ్చి, ఇక్కడ రాబర్ట్‌సన్‌పేటలోనో కోలారులోనో బిగించేస్తారు. మొదటి రాత్రి పండగే.

వారం తిరక్కుండా మళ్లీ షాపు ముందుకొస్తారు. "అన్నా, ఒక పక్క డల్లు కొడుతోంది." "అన్నా, లో బీమ్ వేస్తే మీటర్లో నీలం దీపం కూడా గుడ్డిగా వెలుగుతోంది." "ఫ్యూజు నిలవడం లేదన్నా." "గుంతలో పడితే ఆరిపోతుంది, ఇంకో గుంతలో పడితే వెలుగుతుంది." షాపువాడు బల్బు మారుస్తాడు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ అదే కథ. ఎందుకంటే ఇలాంటి కేసుల్లో రోగం బల్బులో ఉండేది తక్కువ. బ్యాటరీ నుంచి బల్బు దాకా కరెంటు వచ్చే దారిలో, బల్బు నుంచి బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో ఉండేది ఎక్కువ. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా ఆ దారిని ఎలా వెతకాలన్నదే.

కరెంటు దారి ఎంత ముఖ్యమో మన ఊరికి ఒకరు చెప్పాలా? కావేరి మీద శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు 1902 జూన్ 30న కోలారు బంగారు గనులకు చేరింది. 92 మైళ్ల లైను, అంటే సుమారు 148 కిలోమీటర్లు. ప్రపంచంలోనే అతి పొడవైన లైన్లలో ఒకటని ఆ రోజుల్లో చెప్పుకున్నారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది దాని తర్వాత, 1905లో. ఈ పథకానికి పట్టుబట్టిన మైసూరు దివాను కె. శేషాద్రి అయ్యర్ అది పూర్తికాకముందే, 1901లోనే కన్నుమూశారు. పని నడిపించిన ఇంజనీరు జోలీ ద లోత్‌బినియేర్‌ ముందున్న అసలు చిక్కు కరెంటు పుట్టించడం ఒక్కటే కాదు. అంత దూరం తీగ మీద తెస్తే దారిలోనే వేడిగా ఆవిరైపోకుండా గనుల దాకా ఎలా తేవాలన్నది.

దానికి వాళ్లు పట్టుకున్న ఉపాయం వోల్టేజీ పెంచడం. 30 వేల వోల్టులకు తగ్గకుండా పంపారు. సూత్రం చిన్నది. ఒకే పవరును పది రెట్లు ఎక్కువ వోల్టేజీతో పంపితే తీగలో పారే కరెంటు పదో వంతు అవుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నూరో వంతుకు పడిపోతుంది. అందుకే అంత దూరం వచ్చినా మిగిలింది. లేకపోతే గనులు ఇంకొన్నాళ్లు కట్టెలు, బొగ్గు కాల్చుకుంటూ ఆవిరి యంత్రాల మీదే నడిచేవి.

కారులో ఈ ఉపాయం పనికిరాదు. అక్కడున్నది 12 వోల్టులే. పెంచే వీలు లేదు. కాబట్టి వెలుగు కావాలంటే కరెంటే ఎక్కువ పారాలి. ఒక లెక్క చూడండి. మామూలు హెచ్4 బల్బు 60/55 వాట్లది. హై బీమ్ 60, లో బీమ్ 55. లో బీమ్ వేస్తే రెండు బల్బులకూ కలిపి 110 వాట్లు. అదే 110 వాట్లు మన ఇంట్లో 230 వోల్టుల మీద వాడితే వైరులో పారేది అర ఆంపియరు కూడా ఉండదు. కారులో 9 ఆంపియర్లు దాటుతుంది. ఇప్పుడు దారిలో ఎక్కడో ఒక జాయింటు తుప్పు పట్టి 0.2 ఓము అడ్డు పెట్టిందనుకుందాం. ఇంట్లో దానివల్ల పోయేది ఒక వోల్టులో పదో వంతు. మీకు తెలియను కూడా తెలియదు. రెండు లైట్ల కరెంటూ కలిసి వెళ్లే చోట, అంటే స్విచ్చి దగ్గరో ఫ్యూజు దగ్గరో, కారులో అదే 0.2 ఓము దాదాపు 2 వోల్టులు మింగేస్తుంది. ఆ జాయింటులో సుమారు 17 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరువాడి చేతిలోని చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడికి అది దగ్గర. డ్యాష్‌బోర్డు లోపల, ప్లాస్టిక్కు మధ్య.

ఇక హ్యాలొజన్ బల్బుకు ఒక గుణముంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు పది శాతం తగ్గి ఊరుకోదు, సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. రెండు వోల్టులు పోయాయంటే సగం వెలుగు పోయినట్టే. చాలామంది కంపెనీ లైటు బాగాలేదని తిట్టుకునేది ఇక్కడే. పదేళ్ల బండి అయితే లైటు బాగానే ఉంటుంది, దానికి చేరాల్సిన వోల్టులే చేరడం లేదు. అలాంటి బండికి 100/90 వాట్ల బల్బు పెట్టారనుకోండి. లో బీమ్‌లోనే 15 ఆంపియర్లు, హై బీమ్‌లో 16 పైన. వైరు పాతదే, స్విచ్చి పాతదే, బల్బు వెనక ఉండే కప్లర్ పాతదే. కరెంటు రెట్టింపు కాకపోయినా వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. బల్బు వెనక కప్లర్ గోధుమ రంగుకు తిరిగి, అంచు కరిగి, తీస్తే ఊడి రాకపోవడం చూసే ఉంటారు. కప్లర్ నాసిరకం అని షాపువాడు అంటే నమ్మకండి. పాపం దాని తప్పేమీ లేదు.

సరే, లైట్లు మార్పించారు, తేడా వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్చిన దాన్ని వెనక్కి తీసుకెళ్లడం దగ్గర. పాత బల్బులు షాపులోనే వదిలి రావద్దు, డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకోండి. పనిచేసే పాత హ్యాలొజన్ బల్బును మించిన పరికరం ఈ పనికి లేదు. కొత్తది తీసి పాతది పెట్టండి. తేడా పోయిందంటే వైరింగు బాగుంది, కొత్త లైటుకూ మీ బండికీ పొత్తు కుదరలేదన్నమాట. పాతది పెట్టినా గుడ్డిగానే ఉంటే దారిలో లోపముంది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. దీన్ని చేయకుండా వైరింగు మొత్తం టేపు విప్పేసే మేస్త్రీలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హ్యాలొజన్ బల్బు గాజును మాత్రం వేళ్లతో తాకకండి. చేతి జిడ్డు అంటుకున్నచోట గాజు వేడెక్కి బల్బు ఆయుష్షు తగ్గుతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి.

ఇప్పుడు ఆ నీలం దీపం సంగతి. లో బీమ్ వేస్తే మీటర్లో హై బీమ్ గుర్తు గుడ్డిగా వెలుగుతుంది. బయటికి వచ్చి చూస్తే ఒక పక్క లైటు బాగుంది, రెండో పక్కది ఎర్రగా నీరసంగా ఉంది. చూసినవాడు స్విచ్చి పోయిందంటాడు, లేదా రెండు వైర్లు కలిసిపోయాయంటాడు. కాదు. ఆ నీరసంగా ఉన్న పక్క ఎర్తు తెగిపోయింది. ఎలాగో చూడండి. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు, మూడు కాళ్లు. ఒక కాలు లో బీమ్‌ది, ఒకటి హై బీమ్‌ది, మూడోది రెండింటికీ ఉమ్మడి ఎర్తు. లో బీమ్ ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు ఎర్తు కాలు మీదుగా బాడీలోకి వెళ్లిపోవాలి. ఆ దారి మూసుకుపోయింది. కరెంటు ఊరుకుంటుందా? పక్కనున్న హై బీమ్ ఫిలమెంటులోకి వెనకనుంచి దూరి, హై బీమ్ వైరు పట్టుకుని బయటికొచ్చి, రెండో పక్క లైటు హై ఫిలమెంటు గుండా అక్కడి ఎర్తుకు చేరుకుంటుంది. హై బీమ్ వైరు మీదే మీటర్లోని నీలం దీపం కూడా ఉంది కాబట్టి అదీ కాస్త వెలుగుతుంది. ఒకటి తర్వాత ఒకటిగా మూడు ఫిలమెంట్లు పంచుకుంటున్నాయి గనుక ఏదీ సరిగా వెలగదు.

దీనికి మందు ఖర్చులేనిది. ఆ పక్క ఎర్తు వైరు బాడీకి ఎక్కడ బిగించి ఉందో వెతకండి. సాధారణంగా లైటు వెనకే, బోనెట్టు కింద రేకుకు ఒక స్క్రూతో ఉంటుంది. కొత్త లైట్లు పెట్టేటప్పుడు బంపరు విప్పి ఉంటారు, ఆ స్క్రూ సగం బిగించి ఉంటారు. లేదా రంగు వేసిన రేకు మీదే కొత్త ఎర్తు బిగించేసి ఉంటారు. రంగు కరెంటును పోనివ్వదు. ఎమరీ కాగితంతో మెరిసేదాకా గీకి, రింగు టెర్మినల్ పెట్టి, పళ్లున్న వాషరుతో బిగించి, పైన కాస్త గ్రీజు పూయండి. అంతే.

అంత స్పష్టమైన గుర్తు ఏదీ లేకుండా లైటు ఊరికే మందంగా ఉందనుకోండి. అప్పుడు మల్టీమీటరు కావాలి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, బల్బు కప్లర్ ఊడదీసి దాంట్లో మీటరు పెట్టి చూడటం. 12 వోల్టులు చూపిస్తుంది. వైరు బాగుందని తేల్చేస్తారు. మీటరు తనకోసం దాదాపు కరెంటేమీ తీసుకోదు. వైరు లోపల ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగిపోయి ఒక్క పోగే మిగిలినా దానికి 12 చూపించడానికి అది చాలు. బల్బు పెట్టి ఐదు ఆంపియర్లు లాగినప్పుడే ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది. కాబట్టి బల్బు పెట్టి, కప్లర్ తగిలించి, లైటు వెలుగుతుండగానే కొలవాలి.

కొలిచే పద్ధతి ఇది. మీటరును డీసీ వోల్టులకు తిప్పండి. ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. నల్ల ప్రోబు కప్లర్ వెనకనుంచి, లో బీమ్ వైరు లోహాన్ని తాకేలా దూర్చండి. ఇప్పుడు మీటరు చూపేది లైటుకు వచ్చిన వోల్టులు కాదు, దారిలో పోయిన వోల్టులు. అర వోల్టు లోపు ఉంటే పరవాలేదు. ఒకటి దాటిందంటే దొంగ దారిలో ఉన్నాడు. నల్ల ప్రోబును అక్కడినుంచి వెనక్కి జరుపుకుంటూ రండి. రిలే ఉంటే రిలే దగ్గర, తర్వాత స్విచ్చి కప్లర్ దగ్గర, తర్వాత ఫ్యూజుకు ఆ పక్క, ఈ పక్క. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో దానికీ అంతకుముందు తాకినచోటుకీ మధ్యలో లోపముంది. ఎర్తు వైపు కూడా ఇలాగే. ఎర్ర ప్రోబు బల్బు ఎర్తు కాలు మీద, నల్లది బ్యాటరీ మైనస్ మీద. అక్కడ 0.2 వోల్టు దాటకూడదు. ఈ రెండు కొలతలు తీసుకునే ఓపిక ఉంటే సగం లోపాలు షాపుకు వెళ్లకుండానే బయటపడతాయి.

ఇంకో కొలత కూడా చేతిలో మీటరున్నప్పుడే చూసేయండి. ఇంజను ఆపి ఉంటే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య. 15కు పోతోందంటే ఆల్టర్నేటరు రెగ్యులేటరు పాడైంది. నెలకో బల్బు పోయే బండ్లలో ఇది ముందు చూడాల్సిన విషయం.

రిలే అన్నాను కదా, దాని గురించి చెప్పాలి. లైట్ల కరెంటంతా స్టీరింగు పక్కనున్న స్విచ్చి దాకా వెళ్లి మళ్లీ ముందుకు రావడం దండగ. రిలే పెడితే స్విచ్చి మీద పడేది ఆంపియరులో ఐదో వంతు లోపే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా, మందపాటి వైరులో, ఒకటిన్నర మీటరు దూరం లైటుకు వెళుతుంది. రిలే కింద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్. 87 నుంచి లైటుకు. 85, 86 లోపలి కాయిల్‌వి, ఒకదానికి పాత లైటు వైరు, రెండోదానికి ఎర్తు. లో బీమ్‌కు ఒక రిలే, హై బీమ్‌కు ఒకటి. ఇంట్లో ప్లగ్ పాయింటుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం చాలు. కానీ ఇంటి వైరే తెచ్చి వేయకండి, పలుచని పోగులు ఎక్కువున్న ఆటో వైరు వేయండి. బండి అదురుకు మొద్దు పోగులు విరుగుతాయి.

రిలే పెట్టాక తేడాలొచ్చే చోట్లు రెండు. ఒకటి, బ్యాటరీ నుంచి రిలేకు వచ్చే వైరుకు ఫ్యూజు పెట్టకపోవడం, లేదా పెట్టినా రిలే పక్కన పెట్టడం. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరు రేకుకు ఒరుసుకుంటే దాన్ని ఆపేవాడు లేడు, బ్యాటరీ తనలో ఉన్నదంతా ఆ వైరులోకి పంపేస్తుంది. బోనెట్టు కింద మంట ఇలాగే అంటుకోవచ్చు. రెండోది, జపాను డిజైన్ల మీద వచ్చిన కొన్ని బండ్లలో లైటు స్విచ్చి తెంచేది ప్లస్‌ను కాదు, ఎర్తును. అక్కడ మూడు కాళ్లలో ఉమ్మడి కాలుకే ప్లస్ వస్తుంది. ఈ సంగతి తెలియకుండా మామూలు రిలే కిట్టు తగిలిస్తే లైటు ఆరనే ఆరదు, లేదా వెలగనే వెలగదు. తెలుసుకోవడం సులువు. కప్లర్ ఊడదీసి, లైటు స్విచ్చి వేసి, టెస్ట్ ల్యాంపు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు పెట్టి మూడు రంధ్రాలూ చూడండి. లో బీమ్‌లోనూ హై బీమ్‌లోనూ ఒకే రంధ్రంలో ల్యాంపు వెలిగితే మీది ఆ రకం బండి. షాపులో ఆ మాట ముందే చెప్పండి. ఎల్‌ఇడి బల్బులు కూడా ఇలాంటి బండ్లలో తికమకపడతాయి, లో వేస్తే హై రావడం, అసలు రాకపోవడం. వాటికి వేరే అడాప్టరు ఉంటుంది.

ఎల్‌ఇడి దగ్గరికి వచ్చేశాం. ఇవి తక్కువ కరెంటు తీసుకుంటాయి, వైరుకు హాయి. అందులో సందేహం లేదు. చిక్కులు వేరే. కొత్త కార్లలో లైటు బాగుందో లేదో కంప్యూటరు కనిపెట్టుకుని ఉంటుంది. 55 వాట్లు లాగాల్సిన చోట 25 లాగుతుంటే బల్బు పోయిందనుకుంటుంది. మీటర్లో హెచ్చరిక దీపం వెలుగుతుంది, కొన్నింటిలో ఆ లైటుకు కరెంటే ఆపేస్తుంది. ఇంకొన్ని బండ్లు కరెంటును సెకనుకు ఎన్నోసార్లు తెంచుతూ కలుపుతూ పంపుతాయి. హ్యాలొజన్ ఫిలమెంటు వేడిగానే ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. ఎల్‌ఇడి ఆ తెగినప్పుడల్లా ఆరుతుంది, అదే మినుకు మినుకు. శివనసముద్రం నుంచి మన గనులకు వచ్చింది సెకనుకు 25 సైకిళ్ల కరెంటు. ఆ మందగమనానికి ఫిలమెంటు దీపం కూడా సన్నగా వణుకుతుంది. ఎల్‌ఇడికి ఆ మాత్రం ఓర్పు కూడా లేదు. ఈ హెచ్చరిక దీపానికీ, ఈ మినుకుకూ మందుగా డీకోడరు అని ఒక పెట్టె అమ్ముతారు. కొందరు డీకోడరు బదులు పెద్ద రెసిస్టరు తగిలిస్తారు. అది కంప్యూటరును మభ్యపెట్టడానికి 30 వాట్ల పైన ఊరికే వేడి చేస్తూ ఉంటుంది. రెసిస్టరు పెట్టక తప్పదంటే రేకుకు బిగించాలి. ప్లాస్టిక్కుకు టేపుతో చుట్టి వదిలేస్తే కరుగుతుంది.

ఎల్‌ఇడి బల్బు వెనక చిన్న ఫ్యాను ఉంటుంది. కే.జి.ఎఫ్. వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, గాలి కాలంలో గనుల వ్యర్థాల సైనైడ్ దిబ్బల మీదినుంచి లేచే పిండిలాంటి దుమ్ము ఎక్కడెక్కడ దూరుతుందో. ఆ ఫ్యానులోనూ దూరుతుంది. ఫ్యాను మొరాయిస్తే చిప్పు వేడెక్కుతుంది, తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించుకుంటుంది. స్విచ్చి వేసిన పది నిమిషాల దాకా బాగుండి తర్వాత మందగిస్తే వైరింగు విప్పకండి, ముందు ఆ ఫ్యాను చూడండి. వెనక రబ్బరు మూత పట్టడం లేదని దాన్ని కోసేసి వదిలేసిన బండ్లలో ఇది త్వరగా వస్తుంది. వానాకాలంలో అదే కంతలోంచి తేమ వెళ్లి అద్దం లోపల పొగలా పడుతుంది, రిఫ్లెక్టరు వెండిపూత పోతుంది. మూత పట్టని బల్బు మీ బండికి సరిపడని బల్బు.

ఇప్పుడా బరబర. ఎల్‌ఇడి లోపలి డ్రైవరు సర్క్యూటు కరెంటును అతివేగంగా తెంచుతూ కలుపుతూ చిప్పుకు పంపుతుంది. నాసిరకం డ్రైవరులో ఆ పని వల్ల పుట్టిన చప్పుడు వైర్లనే ఏరియలుగా చేసుకుని రేడియోలోకి వస్తుంది. మీడియం వేవ్‌లో, అంటే బెంగళూరు 612 లాంటి స్టేషన్లలో ఎక్కువ వినిపిస్తుంది, ఎఫ్‌ఎంలో బలహీనమైన స్టేషన్లను మింగేస్తుంది. ఇంజను ఆపి చూడండి. ఇంజను ఆపినా లైటు వేయగానే వస్తే లైటుదే. యాక్సిలరేటరుతో పాటు స్వరం పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఆల్టర్నేటరుదో ప్లగ్గు వైర్లదో. లైటుదైతే బల్బు వైరు చుట్టూ ఫెర్రైటు రింగు బిగిస్తే కొంత తగ్గుతుంది. తగ్గకపోతే మెరుగైన బల్బు తీసుకోవడమే.

వైరింగు అంతా సరిచేసుకున్నా మిగిలే తప్పు ఇంకొకటుంది, అది మీకు కనపడదు, ఎదుటివాడికి కనపడుతుంది. హెచ్4 బల్బు లోపల లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. వెలుగు పైకి వెళ్లి ఎదురుగా వచ్చేవాడి కళ్లలో పడకుండా ఆపేది అదే. ఎల్‌ఇడి చిప్పు సరిగ్గా ఆ ఫిలమెంటు ఉండే చోటే ఉండాలి, చిప్పులు రెండూ పక్కలకు చూడాలి. కాలరు తిప్పి పెట్టేటప్పుడు పైకీ కిందికీ చూసేలా బిగించారంటే వెలుగు చిందరవందర. సమతలంగా ఉన్నచోట గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి లో బీమ్ వేయండి. వెలుగు పై గీత, లైటు మధ్యభాగం ఎత్తుకంటే సుమారు 10 సెంటీమీటర్లు కిందుండాలి, ఎడమవైపు కాస్త పైకి లేవాలి. కుడివైపు లేస్తోందంటే మీరు కొన్నది కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన లైటు. ఎంత సర్దినా మన రోడ్డుకు పనికిరాదు, వెనక్కి ఇచ్చేయండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను బండిలో ఇష్టారీతి మార్పులకు ఒప్పుకోదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. 2024 జూలైలో కర్ణాటక పోలీసులు కళ్లు చెదరగొట్టే లైట్ల మీద ప్రత్యేకంగా కేసులు రాయడం మొదలుపెట్టారు. వారంటీ ఉన్న కొత్త బండి అయితే వైరు కోసి కొత్త జాయింటు వేయించే ముందు రెండుసార్లు ఆలోచించుకోండి. కోయకుండా కప్లర్ నుంచి కప్లర్‌కు తగిలే రిలే కిట్లు దొరుకుతాయి.

నా సలహా అడిగితే, పాత బండికి మొదట కొనాల్సింది ఎల్‌ఇడి కాదు. అద్దం పసుపెక్కి ఉంటే పాలిష్ చేయించండి. ఎర్తులు గీకి బిగించండి. మంచి రిలే కిట్టు వేయించి, మామూలు 60/55 బల్బులే కొత్తవి పెట్టండి. వెలుగులో ఎంత తేడా వచ్చిందో చూసి, అప్పటికీ చాలకపోతే వేరే లైట్ల మాట ఆలోచించండి. చాలామందికి ఆ అవసరం రాదు.

చివరగా షాపుల్లోని తమ్ముళ్లకూ, బండి యజమానులకూ ఒక మనవి. వైరింగు ముట్టుకునే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీయండి. ఫ్యూజు పోతూ ఉంటే దాని స్థానంలో పెద్దది పెట్టకండి, రాగి పోగు చుట్టి పెట్టడం అసలే వద్దు. ఫ్యూజు డబ్బా మూత లోపలివైపు ఏ గడిలో ఎన్ని ఆంపియర్లో అచ్చువేసి ఉంటుంది. 10 అని ఉన్నచోట 10 పెట్టండి, 15 అని ఉన్నచోట 15. అది కూడా పోయిందంటే బండి పక్కకు తీసి, ఆ వైరు ఎక్కడ ఒరుసుకుంటోందో వెతికించాకే మళ్లీ లైటు వేయండి.